పక్కకు పోయిన మూడో చుక్క

చింతాద్రిపేట, చెన్నై
18-1-2026

మామకు శ్యామ్ నమస్కారాలు.

ఫోన్లో నేను అరిస్తే మా వీధి వీధంతా వింటుంది గాని మీకు వినపడదు. జీవితమంతా గేర్లు కోసే మిషను పక్కన నిలబడిన చెవులు మరి! అందుకే ఎప్పటిలా పార్సిల్ పెట్టెలోనే ఉత్తరం పెట్టాను. దయచేసి ముందు ఉత్తరం చదివి, తర్వాత మూట విప్పండి. మీరు మూట ముందు విప్పి, ఉత్తరాన్ని చేతులు తుడుచుకోవడానికి వాడతారని అత్త ఫిర్యాదు.

నాన్న వదిలిపోయిన ఎర్ర బండిని, ఆ రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారును, మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాను. కళ్ళజోళ్ళ షాపు మూసి రాగానే దాని కిందే నా కాపురమని మా ఆవిడ జనని దెప్పుతోంది. ఇంజను బంగారం. తంటా అంతా గేర్‌బాక్స్‌తోనే. ఉన్నవి నాలుగు గేర్లు. హైవే మీద కాస్త వేగం అందుకోగానే ఇంజను గొంతు చించుకుంటుంది, వేద్దామంటే పైన ఇంకో గేరు ఉండదు. ఐదు గేర్ల బాక్స్ కోసం ఇంగ్లండులోని పాత బండ్ల షాపులకు మెయిళ్ళు పెట్టాను. వాళ్ళ ధర చూసి జనని, "ఆ దుడ్డుకు ఈడ కొత్త కారే వస్తుంది. ఆడ నుంచి ఇనుము తెప్పిస్తారా?" అంది.

ఇంతలో అదృష్టం కలిసొచ్చింది. కూవం నది అవతల పుదుపేటలో పాత స్పేర్లు అమ్మే కుప్పుసామి, గోతాల కింద నుంచి ఒక గేర్‌బాక్స్ లాగి చూపించాడు. ఐదు గేర్లు! పైగా బయటి కేసింగ్ అచ్చం మన బండిదే. "ఇది మీ బండి కోసరమే పుట్టింది సార్. ఇంక యాడా తిరగబాకండి" అన్నాడు. ఏ బండిలోదని అడిగితే ఏదో ఫారిన్ బండి, లాట్‌లో వచ్చిందన్నాడు. ఎక్కువ బేరం ఆడకుండా తెచ్చేసుకున్నాను. లోపలంతా తుప్పు. చాన్నాళ్ళు నీళ్ళలో నానినట్టుంది. డీజిల్ పోసి, ఓపిగ్గా విప్పాను. బేరింగులు మారిస్తే మిగిలినవన్నీ పనికొస్తాయి. రెండో గేరుకు మాత్రం పళ్ళు విరిగాయి. అదే ఈ మూటలో ఉంది. అలాంటిది ఒకటి కోసి పంపండి.

ఇంకో మాట. బండి ఆర్.సి. బుక్కు ఇంకా మొదటి ఓనరు పేరు మీదే ఉంది. నా పేరుకు మార్పించమంటారా?

నితిన్ దగ్గర్నుంచి కబురేమైనా ఉందా? అడిగితే మీకు కోపం వస్తుందని తెలిసే అడుగుతున్నాను. వాడు తీసుకెళ్ళిన మీ పచ్చ బండి, మా ఎర్ర బండి ఒకచోట నిలబడితే చూడాలని నా ఆశ.

ఒళ్ళంతా గ్రీజుతో,
శ్యామ్

❖

పీలమేడు, కోయంబత్తూరు
24-1-2026

చిరంజీవి శ్యామ్‌కు,

ఉత్తరమే ముందు చదివాను. మూట ఇంకా విప్పలేదు. ఈ సంగతి మీ అత్తకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, నేను చెబితే నమ్మదు.

కళ్ళజోళ్ళు అమ్ముకుంటూ కళ్ళు మూసుకుని బేరం చేసే మనిషిని నిన్నే చూశాను. ఇంగ్లండుకు రాశావు, పుదుపేటకు పోయావు, పీలమేడులో మామ ఉన్నాడని గుర్తు రాలేదా? ఆ నాలుగు గేర్ల కేసింగ్‌లోనే ఐదో గేరు పట్టేలా సెట్టు కోయడం నాకు కొత్త కాదు. పచ్చ బండికి ఒకటి కోశాను. నీకు చెప్పలేదు. చెబితే ఆ రోజే నువ్వు ఎర్ర బండిని లారీ ఎక్కించి మా గేటు ముందు దింపేవాడివి.

ఆర్.సి.లో పేరు మాత్రం మార్చకు. మొదటి ఓనరు పేరు చెరగని బండి అంటే తెలిసినవాళ్ళు దణ్ణం పెడతారు. పేరు మార్చిన రోజు నుంచి అది మామూలు సెకండ్‌హ్యాండ్ బండి. నా పచ్చ బండి ఇప్పటికీ టి. నగర్ సుబ్బన్ గారి పేరు మీదే ఉంది. ఆయన పోయి ఎంత కాలమైందో! మీ నాన్నా నేనూ రెండు బండ్లూ జతగా కొన్న రోజున, పేర్లు మార్చకూడదని పంతం పట్టాం. నీ పంతం కాకపోయినా అది నిలబెట్టు.

నితిన్ సంగతి అడిగావు. కొడుకు ఇల్లు వదిలి రెండేళ్ళు దాటింది. గేర్లు కోసే పాత హాబింగ్ మిషను అమ్మేసి కంప్యూటర్ మిషను కొందామన్నాడు. నేను కాదన్నాను. మాటా మాటా పెరిగింది. "ఆ బండి తాళం ముట్టుకుంటే మళ్ళా ఈ గేటు లోపలికి రాబాక" అన్నాను. కార్తిక దీపం మర్నాడు, కంచంలో అన్నం అలాగే వదిలేసి, ఆ బండిలోనే పోయాడు. పోలీసు కంప్లైంటు ఇవ్వమని మీ అత్త ఏడ్చింది. మీసాలొచ్చిన మగవాడు అలిగి పోతే కంప్లైంటేమిటని నేనే ఇవ్వలేదు. బెంగళూరులో చూశామని ఎవరో అన్నారు కూడా. మీ అత్త నెలనెలా వాడి ఫోన్ నంబరుకు రీచార్జ్ చేస్తూనే ఉంది. చేయకపోతే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారట. బేరింగు ఇనుముతో తనే చేసుకున్న ఉంగరం వేలికి పెట్టుకుని తిరిగే మొండివాడు, ఎక్కడో గేర్లు కోసుకుంటూ బతుకుతుంటాడులే.

ఇంతవరకు పొద్దున రాశాను.

ఇప్పుడు సాయంత్రమైంది. మూట విప్పాను. శ్యామ్, ఈ గేరు నాది. నేను కోసిన ప్రతి గేరు మీద పక్కగా మూడు చుక్కలు, కింద ఒక గీత కొడతాను. మా నాన్న కొట్టిన గుర్తే అది. దీని మీద ఆ గుర్తు ఉంది. మూడో చుక్క పక్కకు పోయింది. అది నా చెయ్యి కాదు. పచ్చ బండి సెట్టుకు గుర్తులు తనే కొడతానని నితిన్ పంచ్ లాక్కున్నాడు. మూడో దెబ్బకు వాడి చెయ్యి జారింది.

నువ్వు కొన్నది పచ్చ బండి గేర్‌బాక్స్. ఇంక ఒక్క బోల్టు కూడా విప్పకు, కడగకు. కేసింగ్ అడుగున ఏముందో చూసి రాయి. తుప్పు అంతటా సమంగా ఉందా, ఒక పక్కే ఎక్కువా? ఈ సంగతి మీ అత్తకు తెలియనివ్వకు. ఎందుకని అడక్కు.

జనార్దనం

❖

చింతాద్రిపేట
1-2-2026

మామకు,

మీ ఉత్తరం జననికి చదివి వినిపించాను. ఇద్దరం వంటింట్లో నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నితిన్ చెన్నైలో ఉన్నాడు మామా! లేదా ఉండి వెళ్ళాడు. బండి ఇక్కడే అమ్మాడంటే అర్థం అదే కదా? రెండేళ్ళుగా మనం బెంగళూరని గాలిలో వెతుకుతున్నాం, వాడు కూవం అవతలే తిరిగాడు.

మీరు కోప్పడండి, పడతాను. అత్తకు చెప్పేశాను. మీరు వద్దన్నారని మరిచిపోలేదు. మీ కోపం ఇంకా చల్లారలేదని, పచ్చ బండిని వాడు తుక్కుకు అమ్మాడన్న మంట కూడా దానికి తోడైందని నాకు తెలుసు. కానీ కొడుకు జాడ తల్లికి చెప్పవద్దనడం న్యాయమేనా? ఆదివారం కదా, ఎప్పటిలా అత్త ఫోన్ చేసింది. "అత్తా, నితిన్ బండి ఈడ దొరికింది" అన్నాను. "నా కడుపు చల్లబడిందిరా కణ్ణా. వాడు ఆడనే ఉండాడు, నాకు తెలుసు. ఆ ఇనుప ఉంగరం ఇంకా ఏలికి ఉందేమో చూడు. లావయ్యుంటే అది ఏలిలో ఇరుక్కుపోయుంటుంది" అంది. ఆమె నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

మీరు అడిగినవి. కేసింగ్ అడుగున ఇసుక ఉంది, నల్ల బురదతో కలిసి గట్టిపడింది. అందులో గోరంత గవ్వలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలు చూస్తే ఏరుకుని దాచుకుంటారు. గేరు లివరు విరిగిపోయి, పైన రంధ్రం తెరుచుకుని ఉంది, అక్కడి నుంచే వచ్చి ఉంటాయి. తుప్పు ఎడమ పక్కే ఎక్కువ. ఒక బోల్టు సందులో పచ్చ రంగు పెచ్చు అంటుకుని ఉంది.

కుప్పుసామి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, బండి అమ్మిన మనిషి పొడుగ్గా ఉన్నాడా, వేలికి ఉంగరం ఉందా అని అడిగాను. మొన్న టీ తెప్పించి కూర్చోబెట్టినవాడు ఈసారి నా ముఖం కూడా చూడలేదు. "అమ్మిన మనిషంటూ లేడు సార్. ఆ బండి గురించి అడగబాకండి" అని లోపలికి వెళ్ళిపోయాడు. దొంగ బిల్లుల భయం కాబోలు.

రెండో గేరు త్వరగా కోయండి. బండి సిద్ధమయ్యేసరికి నితిన్‌ను వెతికి పట్టుకుని, వాడి చేతే నడిపించి మీ గేటు ముందు ఆపిస్తాను.

మీ తిట్ల కోసం చూస్తూ,
శ్యామ్

❖

పీలమేడు
5-2-2026

శ్యామ్‌కు,

నిన్ను తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. నీది తప్పు కాదు. నా అనుమానాన్ని కాగితం మీద పెట్టడానికి భయపడి, ఊరికే చెప్పవద్దని రాశాను. నువ్వు దాన్ని కోపం అనుకున్నావు.

కోపం కాదు. నాకు భయం వేస్తోంది.

అమ్మిన బండి గేర్‌బాక్స్‌లో గవ్వలు ఉండవు. వానలో నిలబడిన బండికి తుప్పు ఒక పక్కే పట్టదు. ఆ బండి ఎడమ పక్కకు ఒరిగి, ఉప్పు నీళ్ళలో చాలా రోజులు పడి ఉంది. ఆ విరిగిన గేరు నా బల్ల మీదే ఉంది. భూతద్దం పెట్టి ఎన్నిసార్లు చూశానో. పళ్ళు అరిగి పోలేదు, ఒక్క దెబ్బకు పోయాయి. మంచి వేగంలో ఉన్న బండిని ఒకేసారి రెండో గేరులోకి లాగితే ఇలా విరుగుతాయి. బుద్ధి ఉన్నవాడెవడూ అలా లాగడు, బ్రేకు పట్టకపోతే తప్ప. చక్రాల్లోకి నీళ్ళు పోయి బ్రేకు జారితే గేరుతోనే బండి నిలపాలని వాడికి నేర్పింది నేనే. ఈ గేటు ముందు వీధిలో, వాడికి మీసాలు కూడా రాని వయసులో.

వాడు ఇల్లు వదిలిన వారానికే కదా మీ ఊళ్ళో ఆ పెద్ద వానలు పడ్డాయి.

ఇక్కడ మీ అత్తను చూడలేకపోతున్నాను. వాడి గది కడిగించింది. పరుపు ఎండలో వేసింది. నిన్న మిషను దగ్గరికి వచ్చి నా చెవిలో అరిచింది: "వాడొస్తే మీరు ఒక్క మాట కూడా అనబాకండి, అర్థమయిందా?" సరేనని తల ఊపాను. వాడి నంబరుకు రోజూ ఫోన్ చేస్తోంది. స్విచాఫ్ అని వస్తుంటే, కొత్త నంబరు తీసుకుని ఉంటాడంటుంది. నాకు తిండి సయించడం లేదు.

నువ్వు మళ్ళీ కుప్పుసామి దగ్గరికి పో. ఎవరు అమ్మారని అడక్కు. ఆ లాట్ ఏ పోలీసు స్టేషను వేలంలో కొన్నాడని అడుగు. ఆ ఊరు తెలుసుకుని అక్కడికి పో. ఒంటరిగా పోకు, జననిని తీసుకుపో. ఏది తెలిసినా ఫోన్ చేయకు, ఫోన్ తీసేది మీ అత్తే. మెసేజ్ పెట్టినా చూసేది ఆమే. షాపు అడ్రసుకు ఉత్తరం రాయి.

నేను తప్పు లెక్క వేశానని రాయి శ్యామ్. ముసలోడా, నీకు మతి పోయిందని రాయి. ఆ ఉత్తరం కోసం చూస్తుంటాను.

మామ

❖

చింతాద్రిపేట
12-2-2026

మామా,

మీరు కోరిన ఉత్తరం రాయలేకపోతున్నాను.

ఏ స్టేషను వేలమని అడిగేసరికి కుప్పుసామికి అర్థమైపోయింది. షట్టరు సగం దించి చెప్పాడు. "ఆ బండిలో ఒక పిల్లోడు పోయినాడని ఆడ చెప్పుకున్నారు సార్. మీకు చెబితే కొనరని చెప్పలా. మీ సొంతం అని నాకెట్టా తెలుసు?" అని నా చేతులు పట్టుకున్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఎన్నూరు దాటాక ఉప్పు మడుల వైపు ఉన్న స్టేషను అది. నిన్న జననీ నేనూ వెళ్ళాం. అక్కడ రికార్డులు రాసే రైటరు గుమ్మిడిపూండి వైపు మనిషి, తెలుగు వచ్చు. పాత ఫైలు వెతికి తీశాడు. రెండేళ్ళ కిందటి డిసెంబరు వానల్లో, కాలువ పక్క రోడ్డు నీళ్ళలో మునిగినప్పుడు, పచ్చ రంగు రెండు సీట్ల బండి ఒకటి ఉప్పు కాలువలో పడింది. నీళ్ళు తీశాక క్రేనుతో లేపారు. ఎడమ పక్కకు ఒరిగి ఉందని రాసి ఉంది. లోపల ఒక యువకుడు.

జేబులో ఫోన్ సిమ్ముతో సహా ఉప్పు నీళ్ళకు పాడైపోయింది, పర్సు లేదు. బండి నంబరు పట్టుకుని ఓనరు అడ్రసుకు నోటీసు పంపారు. టి. నగర్, సుబ్బన్ గారి పేరుకు. ఆ ఇల్లు ఎప్పుడో పడగొట్టారు, ఇప్పుడక్కడ చీరల షాపు. అడ్రసుదారు లేరని నోటీసు తిరిగి వచ్చింది. ఆ అడ్రసుకు మనిషిని కూడా పంపారట. సుబ్బన్ గారి కుటుంబంలో ఎవరూ దొరకలేదు. "శానా దినాలు ఎదురు చూసినాం సార్. ఎవురూ రాలా. మేమే పూడ్పించినాం" అన్నాడు రైటరు. బండిని ఆ తర్వాత వేలం వేశారు.

ఫోటోలు చూడమన్నారు. ముఖం చూసి చెప్పగలిగేలా లేదు. వస్తువుల జాబితాలో, కుడి చేతి వేలికి ఇనుప ఉంగరం ఒకటి అని ఉంది. దాన్ని తీయలేక కోసి తీశారట. కవరులో సీలు వేసి కోర్టు సామాన్లలో ఉంచారు. తండ్రి వచ్చి అడిగితేనే చూపిస్తామన్నారు. అంతవరకు నితిన్ అని వాళ్ళు రాయరు, నేనూ అనను.

వచ్చేటప్పుడు షోలవరం మీదుగా వచ్చాం. మీరూ నాన్నా ఈ రెండు బండ్లూ రేసులో నడిపిన చోటు చూడాలని నితిన్ ఎప్పుడూ అనేవాడు. అక్కడి నుంచి కాలువ రోడ్డు ఎంతో దూరం లేదు. అది చూడ్డానికే వచ్చాడేమో. నాకు ఒక్క ఫోన్ చేసి ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణి. ఇంట్లో ఆ గేర్‌బాక్స్ ఉన్న గదిలోకి జనని వెళ్ళడం లేదు. నేను దాని మీద దుప్పటి కప్పాను.

అత్త రోజూ ఫోన్ చేస్తోంది. నేను తీయడం లేదు. మీరే చెప్పాలి మామా. మీరు తప్ప ఇంకెవరూ చెప్పకూడదు.

శ్యామ్

❖

పీలమేడు
18-2-2026

శ్యామ్,

కొత్త రెండో గేరు కోశాను. ఈ పెట్టెలో పైన ఉన్నది అదే. ఈ ఉత్తరం దాని కిందున్న గుడ్డలో మడిచి పెట్టాను. మిషను నడుస్తున్నంతసేపూ ఏడ్చాను. ఎవరికీ వినపడలేదు.

చెబుదామని మూడు సాయంత్రాలు వంటింటి గడప దాకా పోయాను. ఒక రోజు వాడి కోసం అధిరసాలు చేయడానికి బెల్లం పాకం పడుతోంది. ఇంకో రోజు వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. నిన్న నేను నోరు తెరిచేలోపే, "శ్యామ్ ఫోన్ తీయడం లేదంటే ఏమనుకున్నారు? నితిన్ వాడింట్లోనే ఉండాడు. నన్ను ఆశ్చర్యపెట్టాలని ఇద్దరూ ఆటలాడతా ఉండారు. నేనే పోయి పట్టుకుంటా" అంది. టికెట్టు కూడా తీసేసుకుంది. ఆపలేకపోయాను. నేను పక్కన కూర్చుంటే నా ముఖం చూసి దారిలోనే కనిపెట్టేస్తుంది. రైల్లో, పదిమంది మధ్య, ఆమెకు ఆ కబురు తెలియకూడదు. ఆ ప్రయాణమైనా సంతోషంగా చేయనీ అనుకున్నాను. గేరు శ్యామ్‌కు ఇవ్వమని ఈ పెట్టె ఆమె చేతికే ఇచ్చాను.

నేను వెనక రైలుకు వస్తున్నాను. దిగి నేరుగా ఆ పోలీసు స్టేషనుకు పోతాను. ఆ ఉంగరం చూస్తాను. వాడు లేతు మిషను మీద తిప్పి దాన్ని చేసిన రోజు నేను పక్కనే ఉన్నాను, లోపలి అంచున ఉలి గీసుకుంది. ఆ గీత ఉంటే చాలు. లేకపోతే దేవుడు ఉన్నట్టే. అది చూశాకే మీ ఇంటికి వస్తాను. మీ అత్తకు నేనే చెబుతాను, అది నా బాధ్యత.

బండి ఆర్.సి. నీ పేరుకు మార్చుకో. రేపే మార్చుకో. పచ్చ బండి బుక్కులో నా పేరు ఉండి ఉంటే రెండేళ్ళ కిందటే ఎవరో ఒకరు మా గేటు తట్టేవాళ్ళు. వాడికి కొరివి పెట్టడానికి నేను ఉండేవాణ్ణి.

ఈ గేరు మీద కూడా గుర్తు కొట్టాను. మూడో చుక్క పక్కకే కొట్టాను.

నేను వచ్చేదాకా ఒక్క సాయం చెయ్యి. మీ అత్త ఇప్పుడు కాఫీ చేతిలో పట్టుకుని నీ ఎదురుగానే కూర్చుని ఉంటుంది. నేనేం రాశానని అడుగుతుంది. గేరు కొలతలు రాశానని చెప్పు. కళ్ళు తుడుచుకుని, ఉత్తరం మడిచి, నెమ్మదిగా తల ఎత్తు. ఆమె నీ ముఖమే చూస్తూ ఉంటుంది.

మామ